చోక్ తీస్తే ఆగిపోయే ఆర్‌ఎక్స్ 100
మా నాన్న 1994 ఆర్‌ఎక్స్ 100, చోక్ వేస్తే నడుస్తది, తీస్తే టప్పున ఆఫ్. మెకానిక్ విప్పకుండానే "ఇంజన్ బోరింగ్‌కి వచ్చింది" అన్నాడు. నేను ఆగమన్నా. చోక్ మీదే నడుస్తోందంటే పెట్రోల్ తక్కువ అందుతోంది, లేదా ఎక్కడో గాలి దూరుతోంది. ఇంజన్ వేడెక్కకముందే మానిఫోల్డ్ రబ్బర్ చుట్టూ కార్బ్ క్లీనర్ కాస్త కొట్టా. ఇంజన్ సౌండ్ మారలేదు, అంటే లీక్ లేదు.

ఇక మిగిలింది పైలట్ జెట్. విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే కన్నమే కనబడలే! నెలల తరబడి నిలవున్న పెట్రోల్ జిగురు. పిన్నీసు మాత్రం పెట్టకండి బాబూ, కన్నం పెద్దదైపోద్ది. క్లీనర్ కొట్టి, గాలి పట్టించా. ఎయిర్ స్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పా. అంతే, ఐడిల్ నిలబడింది.

వాయిదా మాత్రం వెయ్యొద్దు. టూ స్ట్రోక్‌ని ఇలా లీన్‌గా తోలితే వేడెక్కి సీజ్ అవుద్ది, అప్పుడు బోరింగ్ నిజంగానే చేయించాలి. నాన్నకి మాత్రం సిగ్నల్ రాగానే చెయ్యి ఇంకా చోక్ మీదకే పోతోంది.