మూఢంలో పెళ్లిళ్ల పేరయ్య

ఉద్యోగాలు పోయినవాళ్ల గురించి మాట్లాడే సభలు మనకు కొత్త కాదు. ఆ ఉద్యోగాలు ఇచ్చినవాళ్లకు, తీసేస్తున్నామన్న కాగితం చేతికందించినవాళ్లకు తమ ఉద్యోగమే పోతే ఏమిటన్న సంగతి మాత్రం భోజనాల దగ్గర గుసగుసగా చెప్పుకుని వదిలేస్తాం. ఈ పూట దాన్ని భోజనాలకు ముందే మాట్లాడుకుందాం. పెళ్లిళ్ల పేరయ్యా పురోహితుడూ ఒకే పెళ్లి మీద బతుకుతున్నట్టు కనిపిస్తారు. తేడా మూఢం వచ్చినప్పుడు బయటపడుతుంది. పేరయ్య ఇంట్లో కూర్చుంటాడు. పురోహితుడికి ఆబ్దికాలుంటాయి, మాసికాలుంటాయి, రోజువారీ పూజలుంటాయి. దక్షిణ తగ్గవచ్చు కానీ పిలుపు ఆగదు. మన హెచ్‌ఆర్ వృత్తిలో ఈ రెండు పనులూ ఉన్నాయి. ఐటీ వచ్చాక మనలో చాలామంది పేరయ్య పనే వృత్తి మొత్తం అనుకున్నాం. మాంద్యంలో మనకు తగిలే దెబ్బ అక్కణ్ణుంచే వస్తోందని, తట్టుకునే దారి కూడా అక్కడే వెతకాలని నా వాదన.

ముందు దెబ్బ సంగతి. 2022 నవంబర్ 9న మెటా సంస్థ 11,000 మందిని, అంటే సిబ్బందిలో సుమారు 13 శాతాన్ని, తొలగిస్తున్నట్టు ప్రకటించింది. ఆ రోజు సంస్థ సీఈఓ మార్క్ జుకర్‌బర్గ్ ఉద్యోగులకు రాసిన లేఖలో, వచ్చే ఏడాది నియామకాలు తక్కువ కాబట్టి రిక్రూటింగ్ విభాగం మీద కోత మిగతావాటికంటే ఎక్కువ పడుతుందని విడిగా చెప్పాడు. రెండు నెలలు తిరక్కుండానే, 2023 జనవరిలో, అమెజాన్ 18,000కు పైగా ఉద్యోగాలు తీసేస్తామంది. వాటిలో ఎక్కువ భాగం స్టోర్స్ విభాగంలోనూ, పీఎక్స్‌టీ అని పిలుచుకునే హెచ్‌ఆర్ విభాగంలోనూ ఉంటాయని సీఈఓ ఆండీ జస్సీ ప్రకటించాడు. ఆ సెప్టెంబరులో గూగుల్ తన రిక్రూటింగ్ బృందం నుంచి వందల మందిని పంపేసింది. వీళ్లంతా పని చేతకానివాళ్లేమీ కాదు. ఒక లెక్క వేసి చూడండి. వెయ్యి మంది ఉన్న కంపెనీలో ఏటా 150 మంది మానేస్తారు, కంపెనీ మరో 150 మంది మేర పెరగాలనుకుంటుంది అనుకుందాం. రిక్రూటర్లు తేవాల్సింది 300 మందిని. మాంద్యం రాగానే పెరుగుదల ఆగుతుంది. బయట ఉద్యోగాల్లేవు కాబట్టి మానేసేవాళ్లూ తగ్గుతారు, 80 మందే అనుకోండి. కంపెనీలో ఒక్కరినీ తీయకపోయినా రిక్రూటర్ల పని సుమారు నాలుగోవంతుకు పడిపోయింది. ఇంజినీరుకు మాంద్యం ఒకవైపు నుంచి తగిలితే, నియామకాలు చేసేవారికి రెండువైపుల నుంచీ తగులుతుంది.

హైదరాబాదుకు దీనిమీద ఇంకో చిక్కుంది. అమెరికాలో 2007 డిసెంబరు నుంచి 2009 జూన్ దాకా నడిచిన మాంద్యం అమెరికాదే. ఆ ఏడాదుల్లో మన దేశ ఉత్పత్తి తగ్గలేదు, పెరుగుదల నెమ్మదించిందంతే. అయినా మాదాపూర్‌లో ఆఫర్ లెటర్లు ఆగిపోయాయి, చేరే తేదీలు వాయిదా పడ్డాయి. రోగం వాళ్లది, లంఖణం మనది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా రాత్రి షిఫ్టుల్లో అమెరికా కాలమానం ప్రకారం మేలుకుని బెంచ్ సేల్స్ చేసే పిల్లల సంగతి చూడండి. వాళ్లు అమ్మిపెట్టే కన్సల్టెంటు డాలస్‌లో ఉంటాడు, అతన్ని తీసుకునే క్లయింటు న్యూజెర్సీలో ఉంటాడు, క్లయింటు కొనడం మానేస్తే జీతం ఆగేది ఇక్కడ. ఆ మాంద్యం మీద వీళ్లకు ఓటు లేదు, దాని నష్టపరిహారంలో వీళ్లకు వాటా లేదు.

ఈ వృత్తి మొదలైన తీరు వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది, అంతకు పైన కార్మికులున్న ప్రతి కర్మాగారంలో సంక్షేమ అధికారి ఉండాల్సి వచ్చేది. మన పెద్దవాళ్లు లేబర్ ఆఫీసరన్నా, తర్వాత పర్సనల్ మేనేజరన్నా ఆ వంశంవాడే. అతని పనిలో నియామకం ఒక చిన్న వాటా. వేతన ఒప్పందాలు, బోనస్ గొడవలు, క్యాంటీన్, ప్రమాద పరిహారం, యూనియన్‌తో చర్చలు, లేబర్ కమిషనర్ దగ్గర హాజరీ, ఇవీ అతని దినచర్య. చెడ్డకాలంలో అతనికి పని పెరిగేది. ఐటీ కంపెనీలు వచ్చాక యూనియన్ లేదు, వేతన ఒప్పందం లేదు, ఏడాదికి వేలమందిని చేర్చుకోవడమే పండగ. కొత్తగా ఎంబీఏ చేసి వచ్చినవారికి టాలెంట్ అక్విజిషన్ మెరిసే పని అయింది, చట్టం చదవడం పాతకాలపు గుమాస్తాగిరీ అయింది. పేరులో హ్యూమన్ రిసోర్సెస్ అని గౌరవం పెరిగింది, పనిలో సగం చేజారింది.

ఆ చేజారిన సగమే మాంద్యంలో కావలసిన సగం. మనుషుల్ని తీసేయడం చేర్చుకోవడం కంటే చిక్కు పని. ఎవరికి ఎంత నోటీసు, ఒక కేటగిరీలో చివర చేరినవారిని ముందు పంపాలన్న నియమం ఎక్కడ వర్తిస్తుంది, మళ్లీ తీసుకునేటప్పుడు తీసేసినవారికి ప్రాధాన్యం ఎలా ఇవ్వాలి, ఎవరిని వేరే పనికి మార్చి నిలుపుకోవచ్చు అన్నవన్నీ తప్పితే కోర్టుకెక్కే ప్రశ్నలు. పైగా 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, 29 పాత చట్టాల స్థానంలో కూర్చున్నాయి. మొత్తం చెల్లింపుల్లో అలవెన్సులు సగానికి మించితే ఆ మించిన భాగాన్ని వేతనంలోనే లెక్కవేయాలి. దాంతో మన కంపెనీలు ముచ్చటపడి పేర్చుకున్న జీతాల పట్టికలన్నీ తిరగరాయాల్సి వచ్చింది, గ్రాట్యుటీ లెక్క మారింది. ఉద్యోగం ముగిసిన రెండు పనిదినాల్లో వేతన బకాయి చెల్లించాలి. తొలగించిన ప్రతి కార్మికుడికీ 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ నిధికి కట్టాలి. ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో తొలగింపుకు ప్రభుత్వ అనుమతి కావలసిన హద్దు 100 మంది నుంచి 300కు మారింది. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే సభకు వదిలేద్దాం. ఈ మార్పులు మార్కెట్ బాగున్నా అమలు కావాలి, బాగులేకపోయినా అమలు కావాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తీసేయదగింది కాదు. పేరోల్ సాఫ్ట్‌వేర్ చేస్తోంది, కాంప్లయన్స్ బయటి సంస్థలకు ఇచ్చేస్తున్నారు, ఇక హెచ్‌ఆర్ మనిషికి మిగిలేదేమిటని. పెద్ద కంపెనీల విషయంలో ఇందులో నిజముంది. కానీ టీమ్ లీడ్ అని పేరు పెట్టిన మనిషి చట్టం దృష్టిలో కార్మికుడా, సూపర్‌వైజరా అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చదు. అతను రోజంతా చేసే పని చూసి మనిషే తేల్చాలి. ఇక బయటి సంస్థలకు వెళ్లిన పని మాయం కాలేదు, చోటు మారింది. బాలానగర్, జీడిమెట్ల, గాజువాక, ఆటోనగర్‌లలోని చిన్న యూనిట్లకు సొంత హెచ్‌ఆర్ విభాగాలుండవు. పీఎఫ్, ఈఎస్ఐ చూసే కన్సల్టెంటు ఒక్కడే కొన్ని యూనిట్లకు పనిచేస్తాడు. ఆ రాబడి గచ్చిబౌలి ప్యాకేజీ ముందు చిన్నదే, దాచి ప్రయోజనం లేదు. రెండో అభ్యంతరం: పదేళ్లు రెజ్యూమెలు చదివినవాడు రాత్రికి రాత్రి చట్టం నేర్చుకుంటాడా? నేర్చుకోడు. అందుకే ఉద్యోగం ఉన్నప్పుడే ఈ రెండో సగం మీద చెయ్యి వేయమంటున్నాను. పోయాక మొదలుపెట్టినవారికి అది ఆర్నెల్ల తర్వాత అక్కరకొస్తుందేమో గానీ వచ్చే నెల ఈఎంఐకి రాదు.

ఈఎంఐ అన్నాను కాబట్టి సొంత లెక్కకు వద్దాం. దీపం కింద చీకటంటే ఇదే. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కార్మికుడి నిర్వచనంలోకి మేనేజర్ హోదాలో, పరిపాలన హోదాలో పనిచేసేవారు రారు. నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లూ రారు. కాబట్టి అందరికీ తొలగింపు పరిహారం లెక్కకట్టిన హెచ్‌ఆర్ మేనేజరుకు ఆ పరిహారం మీద హక్కు లేదు. ఈఎస్ఐ కింద ఉద్యోగం పోయినవారికి 90 రోజుల దాకా సగం వేతనమిచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది, కానీ ఈఎస్ఐ వేతన పరిమితి 21,000 రూపాయలు. మనలో ఎక్కువమంది ఆ గీత దాటినవాళ్లే. మిగిలేవి నోటీసు జీతం, పీఎఫ్, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ. వీటితోపాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న 1988 నాటి షాపులు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ఒకసారి చదవండి. కనీసం ఏడాది పనిచేసినవారిని పంపేటప్పుడు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున సర్వీసు పరిహారం ఇవ్వాలంటుంది. యాజమాన్య స్థానంలో ఉండి సంస్థ వ్యవహారాలను నడిపేవారికి మినహాయింపులున్నాయి, నిజమే. పొద్దుటినుంచి ఫోన్లో అభ్యర్థులను బతిమాలే రిక్రూటరు ఏ వ్యవహారాన్ని నడుపుతున్నాడని ఆ మినహాయింపు అతనికి తగిలిస్తారు? ఇదంతా తెలిసిన మనిషే, తన వంతు వచ్చేసరికి, రాజీనామా రాసిస్తే మర్యాదగా ఉంటుందనగానే సంతకం పెట్టేస్తాడు. ఆ సంతకంతో తొలగింపు కాస్తా స్వచ్ఛందంగా మానుకోవడమవుతుందని అతనికి తెలియక కాదు. అలాంటి సంతకాలు పది మందితో పెట్టించినవాడికి పదకొండోది తనదైతే కాదనడానికి నోరు రాదు.

ఈ సిగ్గుకు ఇంకో ముఖం ఉంది. రెజ్యూమెలో ఆరు నెలల ఖాళీ కనిపిస్తే పక్కన పెట్టే జల్లెడ మనం తయారుచేసిందే. కాబట్టి తన ఖాళీ మూడో నెలకు చేరగానే హెచ్‌ఆర్ మనిషి తన్ను తానే పక్కన పెట్టేసుకుంటాడు. 2013లో కోరీ క్రాఫ్ట్, ఫేబియన్ లాంగె, మాథ్యూ నోటోవిడిగ్డో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని 100 నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు సుమారు 12,000 కల్పిత రెజ్యూమెలు పంపి చూశారు. ఖాళీ పెరిగేకొద్దీ, ముఖ్యంగా మొదటి ఎనిమిది నెలల్లో, పిలుపులు బాగా తగ్గాయి. ఈ సగం మనకు తెలిసిందే. తెలియని సగం ఏమిటంటే, ఉద్యోగాలు పుష్కలంగా ఉన్న ఊళ్లలో ఆ శిక్ష ఎక్కువ, గడ్డుకాలం నడుస్తున్న ఊళ్లలో తక్కువ. అందరికీ పనిలేని చోట నీకు పని లేకపోవడం నీ గురించి ఏమీ చెప్పదు. నియమించేవారు ఆ మాత్రం గ్రహిస్తారు. మాంద్యంలో వచ్చిన ఖాళీని దాచడానికి మూతపడ్డ కంపెనీల పేర్లు, ఫ్రీలాన్స్ అన్న అబద్ధాలు రెజ్యూమెలోకి ఎక్కించే అవసరం మనం భయపడేంత లేదు. అబద్ధం పట్టుబడే చోట్లు మనకంటే ఎవరికి తెలుసు?

పరిచయాల విషయమూ ఇంతే. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని పరిశీలించినప్పుడు, ఆ పరిచయస్థుణ్ణి తరచూ కలిసేవారు 16.7 శాతమే. 55.6 శాతం మంది అప్పుడప్పుడు కలిసేవారు, 27.8 శాతం మంది అరుదుగా కలిసేవారు. దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుసు, దూరపువాళ్లకు వేరే లోకం తెలుసు. అలాంటి దూరపు పరిచయాలు రిక్రూటరుకున్నన్ని ఇంకే వృత్తిలోనూ ఉండవు. పదేళ్లలో తను చేర్పించినవారు ఇవాళ నలభై కంపెనీల్లో మేనేజర్లయి ఉంటారు. కానీ ఒకప్పుడు ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగినవారికి ఫోన్ చేయడానికి మనసొప్పదు. ఆ చిన్నతనం ఒక్కటి దాటగలిగితే సగం పని అయినట్టే.

ఇంతమందిని ఇంటికి పంపినవాళ్లకు ఇప్పుడు జాలి ఎందుకని అడిగేవారూ ఉన్నారు, వాళ్ల కోపానికి కారణం ఉంది. ఐదు నిమిషాల వీడియో కాల్‌లో ఉద్యోగం తీసేసిన మొహం ఎవరూ మరచిపోరు. అయితే ఎవరిని తీయాలో తేల్చింది ఆ మొహం కాదు. అది చదివి వినిపించింది. నేను అడుగుతున్నది జాలి కాదు కూడా. పంపడమెలాగో తెలిసిన మనిషి మర్యాదగా పంపగలడు, బకాయిలు సరిగా లెక్కవేయగలడు, వేరే విభాగంలో చోటు వెతకగలడు. ఆ నైపుణ్యం ఉన్నవారినే ముందు తీసేస్తే, మిగతావారిని పంపే పని చేతకానివారి చేతిలో పడుతుంది.

నా వాదన ఒకచోట చాలదు. బెంచ్ సేల్స్‌లో కమీషన్ మీద బతికే ఇరవై మూడేళ్ల పిల్లకు 47వ సెక్షన్ గురించి చెప్పి ప్రయోజనం తక్కువ, ఎందుకంటే ఆమె అక్కడ పనిచేసిందనడానికే చాలాచోట్ల కాగితం లేదు. పీఎఫ్ ఖాతా లేదు, జీతం చీటీ లేదు, అడిగితే వాట్సాప్ మెసేజి చూపిస్తుంది. పది మంది, అంతకు పైన పనిచేసే చోట ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని కొత్త వృత్తి భద్రత కోడ్ చెబుతోంది. ఆ పత్రం టైపు చేసి సంతకానికి పెట్టాల్సినవాళ్లు ఎవరో ఈ హాల్లో కూర్చున్నవారికి వేరే చెప్పనక్కర్లేదు.