అన్న ఎప్పుడూ డాన్‌నే ఎందుకు తీసుకున్నడు?

ఈ ఎపిసోడ్‌లో సూపర్ పజిల్ ఫైటర్ 2 టర్బో గురించి మాట్లాడుకుందాం. 1996లో కాప్‌కామ్ తీసిన ఆట. స్ట్రీట్ ఫైటర్‌లోని ర్యూ, కెన్, చున్ లీ ఇందులోనూ ఉంటరు. కానీ కొట్టుకునేది రంగురాళ్లతో.

పైనుంచి రాళ్లు జతలు జతలుగా పడతాయి. ఒకే రంగువి పేర్చి, అదే రంగు క్రాష్ జెమ్ తగిలిస్తే పగులుతాయి. అప్పుడు అవతలివాళ్ల బోర్డు మీద అంకెలున్న రాళ్లు పడతాయి. ఆ అంకె 5 నుంచి తగ్గుతూ వచ్చి, అయిపోగానే అవి మామూలు రాళ్లయితాయి. ఏ రంగులు ఏ వరుసలో పడాలన్నది మీరు తీసుకున్న ఫైటర్‌ను బట్టి ముందే ఫిక్స్. కెన్‌వి అడ్డ వరుసలు. డాన్‌వి అన్నీ ఎరుపే! అవి మామూలు రాళ్లయినాక ఒక్క ఎర్ర క్రాష్ జెమ్ తగిలితే చాలు, దెబ్బ తిరిగి పంపినోడి నెత్తి మీదికే.

చిన్నప్పుడు అచ్చంపేటలో, మా ఇంట్లో పాత కంప్యూటర్ మీద అన్న, నేను ఇదే ఆడేవాళ్లం. అన్న ఎప్పుడూ డాన్. గెలిచేది ఎప్పుడూ నేనే. వాడంతా చెప్పుకునేవాణ్ణి.

బీటెక్‌లో ఉన్నప్పుడు తెలిసింది, డాన్ దాచిపెట్టిన క్యారెక్టర్ అని. లిస్టులో మామూలుగా కనిపించడు, సీక్రెట్ కోడ్ కొట్టాలె. అంటే అన్న ప్రతిసారీ కోడ్ కొట్టి మరీ ఓడిపోయిండు.

మొన్న దుబాయ్‌లో ఉన్న అన్నకు ఫోన్ చేసి అడిగిన. "నువ్వు ఓడితే ఏడుస్తుంటివి రా, అమ్మ నన్ను తిడ్తుండె" అని నవ్విండు.

ఈసారి అన్న సెలవుకు వస్తే, డాన్ నాకే.