19,680 నిమిషాల జోస్యం

సంక్రాంతి దగ్గర పడుతోందంటే గోదావరి జిల్లాల్లో కుక్కుట శాస్త్రం పుస్తకాలు బయటికొస్తాయి. ఏ నక్షత్రాన డేగ రంగు కోడి గెలుస్తుంది, ఏ పూట కాకి రంగుది ఓడుతుంది, పుంజును ఏ దిక్కు నుంచి బరిలోకి దింపాలి, అన్నీ అందులో ఉంటాయి. నమ్మేవాళ్లు నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా పందెం కాసే ముందు ఒకసారి తిరగేస్తారు. అమెరికాలో అక్టోబరు మొదట్లో ఇలాంటి కాలమే ఒకటి వస్తుంది. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు, ఏ జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలుస్తుందో చెప్పేవాళ్లు టీవీల్లోనూ పత్రికల్లోనూ లాస్ వేగాస్ పందెం కౌంటర్లలోనూ పుట్టుకొస్తారు. అయితే వాళ్లు రంగూ దిక్కూ చూడరు. మోకాళ్లు చూస్తారు.

ముందు ఆట లెక్క. ఎన్‌బీఏలో 30 జట్లు, ప్లేఆఫ్స్‌కు ముందు ఒక్కో జట్టుకు 82 మ్యాచ్‌లు. డ్రా అన్నది లేదు, వాన అడ్డు రాదు. మొత్తం 1,230 మ్యాచ్‌లు, కాబట్టి 1,230 గెలుపులు. సగటున జట్టుకు 41. జోస్యుడు ఫలానా జట్టుకు 50 రాశాడంటే ఆ పైన తొమ్మిదీ ఇంకెవరి జేబులోంచో తీయాల్సిందే. వేసవిలో ఏ ఊరి అభిమానిని కదిపినా తన జట్టు ఈసారి బాగుపడుతుందనే అంటాడు. ముప్పై ఊళ్ల ఆశలూ కూడితే 1,230 ఎప్పుడో దాటిపోతుంది. అందుకే లెక్క తెలిసినవాడు చివర్లో ముప్పై అంకెలూ కూడి చూసుకుంటాడు. ఎక్కువ తేలితే ఎక్కడో అభిమానం కలిసిందన్నమాట.

తర్వాతది అదృష్టం. ఒక నాణెం 82 సార్లు ఎగరేస్తే సగటున 41 బొమ్మలు పడాలి. పడతాయా? మూడింట రెండొంతుల సార్లు 37కూ 45కూ మధ్య ఎక్కడో పడతాయి, మిగతా సార్లు అదీ దాటిపోతుంది. అంటే అచ్చంగా సగటు జట్టు ఒకటి, ఎవరికీ దెబ్బ తగలకుండా, ఎవరూ మారకుండా ఆడినా, ఒక ఏడు 37, ఇంకో ఏడు 45 గెలవొచ్చు. మొదటి ఏడాది కోచ్‌ను తిట్టి పంపించేస్తారు, రెండో ఏడాది అదే కోచ్‌కు దండ వేస్తారు. జట్టు మాత్రం అదే.

క్రికెట్‌తో పోలిస్తే ఇది నయం. 2023 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ అట్టడుగున పదో స్థానంలో నిలిచింది, మరుసటి ఏడు ఫైనల్ ఆడింది. కమిన్స్, హెడ్ లాంటి కొత్త ఆటగాళ్లు వచ్చిన మాట నిజమే, కానీ లీగ్ దశలో ఆడేది 14 మ్యాచ్‌లే. అన్ని తక్కువ మ్యాచ్‌లలో అదృష్టం వాటా పెద్దది. బాస్కెట్‌బాల్‌లో ఒక్క మ్యాచ్‌లోనే ఒక్కో జట్టుకు దాదాపు వందసార్లు బంతి చేతికొస్తుంది. అలాంటి మ్యాచ్‌లు 82. అందుకే మంచి జట్టు మంచి జట్టుగానే తేలుతుంది, ఆటగాళ్లు నిలబడితే.

ఆ 'నిలబడితే' సంగతి కాసేపు పక్కన పెడితే, జోస్యుడు మొదట చూసేది కిందటి ఏడాది గెలుపులను కాదు, పాయింట్ల తేడాను. ఒక పాయింటుతో గెలిచినా ముప్పై పాయింట్లతో గెలిచినా పట్టికలో పడేది ఒక్క గెలుపే. ఆఖరి సెకనులో అంచుకు తగిలి లోపల పడిన బంతి, తగిలి బయట పడిన బంతి, ఈ రెంటి మధ్య ప్రతిభ తేడా ఏమీ ఉండదు. ముప్పై పాయింట్లతో గెలవాలంటే మాత్రం ప్రతిభ కావాలి. బేస్‌బాల్‌లో పరుగుల నుంచి గెలుపులు రాబట్టే సూత్రాన్ని బిల్ జేమ్స్ అనే ఆయన తయారు చేస్తే, డారిల్ మోరీ దాన్ని బాస్కెట్‌బాల్‌కు తగ్గట్టు సవరించాడు. సూత్రం ఘాతాలతో గజిబిజిగా ఉంటుంది కానీ చేతిలెక్కకు ఒక అడ్డదారి ఉంది: మ్యాచ్‌కు సగటున ఒక పాయింటు తేడా, సీజన్‌కు సుమారు రెండున్నర గెలుపులతో సమానం.

మినసోటా టింబర్‌వుల్వ్స్ 2013-14లో మ్యాచ్‌కు సగటున 2.7 పాయింట్లు పైచేయి సాధించింది. అడ్డదారి లెక్కన 48 గెలుపులు రావాలి. వచ్చినవి 40. ఆఖర్లో తేలే మ్యాచ్‌లు వరసగా చేజారాయి, ప్లేఆఫ్స్ దక్కలేదు. తేడాల లెక్క నమ్మినవాడు ఏమంటాడు? ఇది దురదృష్టం, వచ్చే ఏడు ఈ జట్టు 48 వైపు నడుస్తుంది అంటాడు. వచ్చే ఏడు ఆ జట్టు 16 మ్యాచ్‌లు గెలిచింది.

లెక్క తప్పలేదు. ఆ లెక్క ఎవరి మీద కట్టారో ఆ మనుషులు లేరు. ఆగస్టులో జట్టు మూలస్తంభం కెవిన్ లవ్‌ను క్లీవ్‌లాండ్‌కు ఇచ్చేశారు, బదులుగా వచ్చిన ఆండ్రూ విగ్గిన్స్‌కు పందొమ్మిదేళ్లు. పాత జాతకం పట్టుకుని కొత్త పిల్లవాడికి ఫలం చెప్పినట్టయింది. జట్టు పేరు, చొక్కా రంగు, హాలు, అన్నీ అవే కావచ్చు. జోస్యం మాత్రం పేరుకు చెప్పేది కాదు. కోర్టులో నిలబడే మనిషికి, అతను నిలబడే నిమిషాలకు చెప్పేది.

ఇక్కడ బోర్డు మీద వేసి చూడాల్సిన లెక్క ఒకటుంది. మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో జట్టుకు అయిదుగురు: 240 నిమిషాలు. 82 మ్యాచ్‌లకు 19,680. జోస్యుడి అసలు పని ఈ 19,680 నిమిషాలను పదిహేను మంది ఆటగాళ్లకు పంచడం. పెళ్లి భోజనాల దగ్గర విస్తళ్లు లెక్కేసినట్టు, ఇతనికి 2,400, అతనికి 1,900, ఆ కుర్రాడికి 600. పంపకం అయ్యాక ఒక్కొక్కరూ కోర్టులో ఉంటే జట్టు ఎంత మెరుగ్గా, ఎంత నాసిగా ఆడుతుందో పక్కన రాసి హెచ్చవేస్తాడు. చూడ్డానికి కిరాణా చిట్టాలా ఉంటుంది. శాస్త్రమంతా అందులోనే ఉంది.

ఒక పెద్ద ఆటగాడున్నాడనుకుందాం. అతను కోర్టులో ఉంటే జట్టు 48 నిమిషాలకు సగటు కంటే 6 పాయింట్లు మెరుగు. అతని బదులు బెంచి మీంచి లేచేవాడు ఉంటే సగటు కంటే 2 తక్కువ. ఇద్దరి మధ్య తేడా 8. పెద్దాయన 70 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 34 నిమిషాల చొప్పున ఆడితే 2,380 నిమిషాలు. మోకాలు మొరాయించి 20 మ్యాచ్‌లే ఆడితే 680. మిగిలిన 1,700 నిమిషాలు బెంచివాడివి. మొత్తం సీజన్ 3,936 నిమిషాల్లో అది నూటికి 43 వంతులు. 8ని దానితో హెచ్చవేస్తే మ్యాచ్‌కు మూడున్నర పాయింట్లు. రెండున్నరతో మళ్లీ హెచ్చవేస్తే తొమ్మిది గెలుపుల దాకా పోయినట్టు. ఒక్క మోకాలు. కోచ్ ఎత్తుగడలూ, కొత్త హాలూ, అభిమానుల ఈలలూ అన్నీ కలిపినా అంత బరువు తూగవు.

ఫిలడెల్ఫియా 76ర్స్ 2024-25లో ఈ లెక్కకు బలైంది. ముందు ఏడాది 47 గెలిచిన జట్టు. 2023లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన జోయెల్ ఎంబీడ్ ఉన్నాడు, చురుకైన టైరీస్ మ్యాక్సీ ఉన్నాడు, వీళ్లకు తోడు నాలుగేళ్లకు 21 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం మీద పాల్ జార్జ్‌ను తెచ్చుకున్నారు. అక్టోబరులో చాలామంది తూర్పు విభాగంలో మొదటి వరసలో దాన్ని కూర్చోబెట్టారు. ఎంబీడ్ ఎడమ మోకాలు అతన్ని 19 మ్యాచ్‌లే ఆడనిచ్చింది. జార్జ్ 41, మ్యాక్సీ 52. జట్టు గెలిచినవి 24. చమత్కారమేమిటంటే, ఆ జట్టు పగ్గాలు అప్పటికి 2020 నుంచి డారిల్ మోరీ చేతిలో ఉన్నాయి. సూత్రం సవరించిన ఆ మోరీయే.

పెద్ద పేర్లు పోగేసినంత మాత్రాన గెలుపులు కూడవని అందరూ అంటారు. అది సగం నిజం. బోస్టన్ సెల్టిక్స్ 2006-07లో 24 గెలిచింది, వేసవిలో కెవిన్ గార్నెట్‌నూ రే అలెన్‌నూ తెచ్చి పాల్ పియర్స్ పక్కన నిలబెట్టింది, మరుసటి ఏడు 66 గెలిచి కప్పు కొట్టింది. లాస్ ఏంజెలెస్ లేకర్స్ 2012లో కోబీ బ్రయంట్, పావ్ గసోల్‌ల పక్కన స్టీవ్ నాష్‌నూ డ్వైట్ హోవర్డ్‌నూ చేర్చింది. అయిదు మ్యాచ్‌లకే కోచ్‌ను మార్చింది, 45 దగ్గర ఆగింది, మొదటి రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఇంటికెళ్లింది. అప్పట్లో అహంకారాలు పొసగలేదని పత్రికలు పేజీలు నింపాయి. పొసగకపోవడమూ ఉండొచ్చు. కానీ నిమిషాల చిట్టా తీస్తే కథ మరీ సాదాగా కనిపిస్తుంది. బోస్టన్ ముగ్గురూ 71, 73, 80 మ్యాచ్‌లు ఆడారు. లేకర్స్‌లో 38 ఏళ్ల నాష్ రెండో మ్యాచ్‌లోనే కాలు విరగ్గొట్టుకుని మొత్తం 50 ఆడాడు, గసోల్ 49. హోవర్డ్ వెన్నుకు ఆపరేషనై అప్పటికి ఏడాది కూడా కాలేదు. బ్రయంట్ ఆ భారమంతా మోసి మోసి ఏప్రిల్‌లో మడమ వెనక స్నాయువు తెంచుకున్నాడు.

వయసు కూడా చిట్టాలో ఒక గడే. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ల దాకా ఆటగాడు ఎక్కే మెట్టు, ముప్పై దాటాక దిగే మెట్టు. నలభై దాటినా ఆడిన లెబ్రాన్ జేమ్స్‌ను చూపించి దీన్ని కొట్టిపారేయకూడదు; నూరేళ్లు బతికిన తాతను చూపించి బీమా లెక్కలు తప్పంటే ఎలా? ఓక్లహోమా సిటీ థండర్ 2021-22లో 24 గెలిచింది. ఆ తర్వాత వరసగా 40, 57, 68. చివరిది 2025 చాంపియన్‌షిప్ ఏడాది. కుర్రాళ్లు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే జట్టూ వాళ్లతోపాటు ఎక్కింది.

అయితే మెట్టు ఎప్పుడు ఎక్కుతారన్నది వేరే సంగతి. శాన్ ఆంటోనియో స్పర్స్ చరిత్రలో ఇందుకు ఒక జంట ఉదాహరణ ఉంది. 1996-97లో ఆ జట్టు 20 మ్యాచ్‌లే గెలిచింది. ఓడిన జట్లకు లాటరీ వేసి కొత్త ఆటగాళ్లను ఎంచుకోనిచ్చే పద్ధతి అక్కడుంది, అందులో మొదటి వంతు దక్కి టిమ్ డంకన్ వచ్చాడు. మరుసటి ఏడు 56 గెలుపులు. సరిగ్గా 26 ఏళ్ల తర్వాత 2023లో, 22 గెలిచిన అదే జట్టుకు, గ్రెగ్ పోపోవిచ్ అనే అదే కోచ్‌కు, మళ్లీ మొదటి వంతు దక్కింది. ఈసారి ఫ్రాన్స్ నుంచి విక్టర్ వెంబన్యామా. ఏడడుగులు దాటిన ఎత్తు, చేతికి అందని బంతి లేదు. ఊరంతా పాత కథ మళ్లీ నడుస్తుందనుకుంది. ఆ ఏడు స్పర్స్ గెలిచినవి 22. ఒక్కటి పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు.

డంకన్ గొప్పా, వెంబన్యామా తక్కువా? కాదు. కొత్త ఆటగాళ్లలో ఉత్తముడిగా వెంబన్యామాను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. తేడా ఆ 20లో ఉంది. 1995-96లో స్పర్స్ 59 గెలిచిన జట్టు. మరుసటి ఏడు డేవిడ్ రాబిన్సన్ వెన్నునొప్పితో, విరిగిన పాదంతో ఆరంటే ఆరు మ్యాచ్‌లు ఆడాడు కాబట్టి 20కి పడింది. అది అసలు బలం కాదు, జ్వరం. డంకన్ వచ్చేసరికి రాబిన్సన్ కూడా లేచాడు. పైగా డంకన్ నాలుగేళ్లు కాలేజీలో ఆడి, 21 ఏళ్లకు వచ్చినవాడు. 2023 స్పర్స్‌లో లేచి రావడానికి రాబిన్సన్ లేడు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లే, ఆ జట్టు 22 నిజమైన 22. జోస్యుడు రెండు జట్ల అంకెలూ చూసి ఒకటే ఫలం చెప్పి ఉంటే, తప్పు అంకెది కాదు.

పైకెక్కినవాళ్లు కాస్త దిగుతారన్నది కూడా పాత సంగతే. పొడగరి తండ్రుల పిల్లలు తండ్రులంత పొడుగవరని ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే లెక్కలతో చూపించాడు. గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2015-16లో 73 గెలిచి రికార్డు పెట్టింది. ఆ వేసవిలో కెవిన్ డ్యూరాంట్ వచ్చి చేరాడు. అంతటివాడు కలిసినా తర్వాతి ఏడు గెలిచినవి 67. కప్పు కొట్టారు, అది వేరే మాట. 73 గెలవడానికి ప్రతిభతోపాటు కావలసిన అదృష్టం రెండో ఏడు కూడా అంతే పెట్టి పుట్టడం కష్టం.

కింద నుంచీ ఇంతే. డెట్రాయిట్ పిస్టన్స్ 2023-24లో వరసగా 28 ఓడి, మొత్తం 14 గెలిచింది. మరుసటి ఏడు కొత్త కోచ్‌తో 44. ఏదో కొంత లేస్తుందని ఎవరైనా చెప్పగలరు. మూడింతలు దాటుతుందని అక్టోబరులో రాసినవాడిని మాత్రం డెట్రాయిట్ అభిమాని అనే అనుకునేవారు.

కాబట్టి బుద్ధున్న జోస్యుడు ఒక్క అంకె చెప్పడు. కంప్యూటర్‌లో సీజన్‌ను వేలసార్లు ఆడించి, నిమిషాలు ఒక్కోసారి ఒక్కోలా పంచి, 'నూటికి ఎనభై పాళ్లు 38కీ 54కీ మధ్య' అంటాడు. వినేవాడికి అది తప్పించుకునే మాటలా ఉంటుంది. టీవీవాళ్లు అలాంటివాణ్ని రెండోసారి పిలవరు.

ఏ పంపకంలోనూ పడనివి కొన్నుంటాయి. డల్లాస్ మావరిక్స్ 2024 జూన్‌లో ఫైనల్ ఆడింది. ఆ అక్టోబరులో ఎవరి చిట్టా చూసినా డల్లాస్ నిమిషాల్లో పెద్ద వాటా లూకా డోంచిచ్‌దే. ఫిబ్రవరి మొదట్లో ఒక రాత్రి, పాతికేళ్ల డోంచిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చి ముప్పై దాటిన ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకున్నట్టు వార్త వచ్చింది. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నవాళ్లే ఎక్కువ. నెల తిరిగేసరికి జట్టులో మరో ముఖ్య ఆటగాడు కైరీ అర్వింగ్ మోకాలి స్నాయువు తెగింది. జట్టు 39 దగ్గర ఆగింది. మే నెలలో వేసిన లాటరీలో ఆ జట్టుకు మొదటి వంతు వచ్చే అవకాశం నూటికి 1.8. అదే వచ్చింది, కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు దొరికాడు.

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ఊళ్లలో తెలుగు ఇళ్లు వేలల్లో ఉన్నాయి. అక్కడి పిల్లలు చాలామందికి అమ్మానాన్నలు కొనిపెట్టిన చొక్కా వీపున డోంచిచ్ పేరు, 77 నంబరు ఉంటాయి. అతను లేకర్స్‌లోనూ 77 నంబరే వేసుకున్నాడు. చొక్కా వెనక రాసినదంతా ఇప్పటికీ సరిగ్గానే ఉంది, ముందువైపు జట్టు పేరు ఒక్కటే తప్పు.