అడిగిననే తెలియును


ఒక వేసవిలో మా యింటికి విదేశీయులొకరు అతిథిగా వచ్చిరి. శోభనాచలస్వామి గుడి ముంగిట చెప్పులు విడిచిరి. చిన్నరసమును పిసికి జుఱ్ఱుట నేర్చిరి. మురిసితిమి. భోజనమువేళ తెలుగుననే “చాలు” అనిరి. మనలో తొలి “చాలు” మొగమాటమే గదా! మరల వడ్డించితిమి. విడుచుట యమర్యాదయని వారు శ్రమపడి భుజించిరి. మూడవమారు విస్తరిపై చేయి యడ్డుపెట్టగా నా యిల్లాలు చిన్నబుచ్చుకొనెను. ఉభయులదియు మర్యాదయే, ఉభయులకును నొప్పియే. అడుగకపోవుటయే లోపము.

1817లో చెన్నపట్టణము చేరి, పిమ్మట బందరులోను కొలువుచేసిన బ్రౌను దొర మన కట్టుబొట్టులు చూచుటతో తృప్తిపడలేదు. పండితుల నడిగెను, వ్రాతప్రతులు సేకరించెను, 1829లో వేమన పద్యములు అచ్చొత్తించెను.

లెక్కలవాడను గనుక చెప్పుచున్నాను: చిట్టాకెక్కని పద్దును ఊహతో కూడరాదు. అతిథి “చాలు” అన్నప్పుడు, గరిటె నిలిపి, ఒక్కమాట అడుగుదము.