చెరువు దావా నుంచి మూడో అధికరణ దాకా
(అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా దండ వేస్తం, జై భీమ్ అంటం, ఇంటికి పోతం. ఇయ్యాల వకీలు అంబేద్కర్‌ను, చట్టసభల అంబేద్కర్‌ను యాది చేసుకుందాం.

1923 నుంచి ఆయన బొంబాయిల వకీలు. 1927 మార్చిల మహద్ ఊరి చవ్‌దార్ చెరువు నీళ్లు తాగినందుకు దళితులను కొట్టిన్రు. డిసెంబర్‌ల మళ్లా వేలమంది కదిలిన్రు. సవర్ణ పెద్దలు చెరువు మాదేనని దావా వేసి నిషేధ ఉత్తర్వు తెచ్చిన్రు. అంబేద్కర్ జనాన్ని ఆపి కోర్టుల కొట్లాడిండు. హైకోర్టుల గెలిచింది 1937 మార్చి 17న. ఒక్క చెరువుకు దాదాపు పదేండ్లు! దేశంల ఎన్ని చెరువులు, ఎన్ని బావులు? ఒక్కోదానికి దావా వేస్తే ఎన్ని తరాలు గడవాలె?

అందుకే చట్టం రాసే కాడ కూర్చోవాలె. 1946ల బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పోయిండు. దేశ విభజనతో ఆ సీటు పోతే 1947ల బొంబాయి నుంచి మళ్లా వచ్చిండు. రచనా కమిటీ అధ్యక్షుడైండు. 17వ అధికరణ అంటరానితనాన్ని దేశమంతటా రద్దు చేసింది.

ఆయనకు ఓటములు తక్కువ కాలేదు. హిందూ కోడ్ బిల్లు ఆగిపోతే 1951ల మంత్రి పదవి వదిలిండు. 1952ల లోక్‌సభకు ఓడిండు, 1954ల భండారాల మళ్లా ఓడిండు. అయినా 1956ల కన్నుమూసేదాకా రాజ్యసభ సభ్యుడిగ ఉన్నడు.

ఇగ మన ముచ్చట. మూడో అధికరణ కింద కొత్త రాష్ట్రం చేసే అధికారం పార్లమెంటుది. అసెంబ్లీ అభిప్రాయం అడగాలె, ఒప్పుకోలు అక్కర లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ తెలంగాణ బిల్లును తిప్పికొట్టింది. ఫిబ్రవరిల పార్లమెంటు ఆమోదించింది. జూన్ 2న రాష్ట్రమొచ్చింది. ఒప్పుకోలు కావాలని రాసి ఉంటే మన గతేంది?

కానీ ఆ అధికరణ 1950 నుంచి పుస్తకంల ఉన్నదే. 1969ల పిల్లలు నెత్తురు ధారపోసినా కదల్లే. జనం లేవంది కాయితం లేవదు, కాయితం లేంది జనం గెలువరు. మహద్‌ల జనం ముందు నడిచిన్రు, తీర్పు వెనక వచ్చింది.

రాష్ట్రమొచ్చిందని మనం కూసుంటే కొలువులు, నీళ్లు, భూములు వాటంతటవే రావు. జీవోలు చదువుదాం, బడ్జెట్ లెక్కలు అడుగుదాం, హాస్టళ్లల్ల చట్టం మీద చర్చ పెడదాం. చదువుకున్న మనమే ఊరి వకాల్తా పట్టాలె.

జై భీమ్! జై తెలంగాణ!