అల్లూరు రాతి మీది దానపత్రం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి సంగతులు చెప్పమని కమిటీ పెద్దలు మమ్మల్ని అడిగారు. అవి చెప్పేముందు మన పక్క పల్లె ముచ్చట ఒకటి చెబుతాము. అది మన సొసైటీ లెక్కలకు సంబంధించిందే.

పాత నందిగామ తాలూకాలో, ఇప్పటి వీరులపాడు మండలంలో అల్లూరు ఉంది. చిన్న ఊరు. బస్సులో పోయేవారు ఆగి చూసేదేమీ కనిపించదు. కానీ ఒకప్పుడు అక్కడ బౌద్ధ భిక్షువుల ఆరామం ఉండేది. 1926-27లో అల్లూరులోనూ, గుమ్మడిదుర్రులోనూ, నాగార్జునకొండలోనూ పురావస్తు శాఖ తరఫున తవ్వకాలు జరిపించింది మహమ్మద్ హమీద్ ఖురేషీ గారు. ఈ పేరు చెప్పగానే మా తరగతిలో వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తారు. బుద్ధుని స్తూపం, ముస్లిం అధికారి, తెలుగు పల్లె. ఈ మూడూ ఒక్కచోట కలిసిన సంగతి మా పాఠ్యపుస్తకంలో లేదు.

అల్లూరులో ఒక స్తంభం మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనం దొరికింది. అది పూర్వశైల శాఖ భిక్షువులకు ఇచ్చిన దానాల జాబితా. నివర్తనాల లెక్కన భూములు, ఆవులు, ఎడ్లు, బండ్లు, వంట పాత్రలు, నాణేలు. ఏదీ వదలకుండా రాశారు. దాసదాసీలను కూడా ఆ జాబితాలోనే చేర్చారు. ఆ మాట దగ్గర మా మనసు కలుక్కుమంటుంది. పాతదైనంత మాత్రాన అంతా మెచ్చుకోనక్కరలేదు.

ఆ నాణేలను ఇచ్చింది 'అక్షయనీవి'గా. అంటే అసలు తరగని నిధి. దీని పద్ధతి నాసిక్ గుహలోని ఉషవదాతుని శాసనంలో స్పష్టంగా ఉంది. 3000 కార్షాపణాలను సాలెవారి శ్రేణుల దగ్గర ఉంచారు. అసలు తిరిగి తీసేది లేదు. దాని మీద వచ్చిందే భిక్షువుల బట్టలకూ ఇతర ఖర్చులకూ. వడ్డీ దారి మనది కాదు, సరే. అసలు జోలికి పోకూడదన్న నియమం మాత్రం మనకు కొత్త కాదు. ఖైబర్‌లో దక్కిన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, అసలును నిలిపి ఫలసాయాన్ని దానం చేయమని ప్రవక్త (స) సూచించారు. మన వక్ఫ్‌కు మూలం అదే.

జగ్గయ్యపేట ధనబోడు సంగతి మీలో చాలామందికి తెలుసు. 1882లో బర్జెస్ దొర అక్కడి స్తూపాన్ని పరిశోధించాడు. మబ్బుల్లోంచి నాణేలు కురుస్తుండగా నిలుచున్న చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మా పిల్లలకు ఆ బొమ్మంటే మహా ఇష్టం. మాకు మాత్రం అక్కడి స్తంభాల మీది రాత ఇష్టం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపినవాడు రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పి. తల్లి, భార్య, బిడ్డలు, సోదరుడు అందరి పేర్లూ చెక్కించాడు. సకల జీవుల హితం కోసమని రాయించాడు. చెమటోడ్చి సంపాదించిన పనివాడి దానం అది.

ఇక మన సంగతి. మూడేళ్ల కిందట గోడ కూలిందని ఆడపిల్లల చదువు నిధిలోంచి అసలు కొంత తీసి వాడాము. తరవాత సర్దుదామనుకున్నాము. మరుసటి ఏడు ఇంటర్ చేరిన ముగ్గురు అమ్మాయిల ఫీజు డిసెంబరు దాకా కట్టలేకపోయాము. ఆ చేతుల్లో మా చేతులూ ఉన్నాయి. ఇంకొకటి. పాతకాలంలో ఒక పెద్దాయన ఇచ్చిన మామిడితోట హద్దులేవో ఇప్పుడు ఎవరికీ సరిగ్గా తెలియదు. నోటిమాటగా ఇచ్చారు, నోటిమాటగానే పుచ్చుకున్నారు. అడిగితే తలో హద్దూ చూపిస్తున్నారు.

అందుకని ఈ ఏడు కమిటీ రెండు రిజిస్టర్లు పెట్టింది. ఒకటి ఖర్చుపెట్టే సొమ్ముకు, రెండోది కదపరాని సొమ్ముకు. ఇచ్చేవారు దేనికి ఇస్తున్నారో, ఎవరి పేరున ఇస్తున్నారో మీ చేత్తోనే రాయండి. వంద రూపాయలైనా సరే, ఇంట్లో ఆడవాళ్ల పేర్లు కూడా చేర్చండి. తోట హద్దులు ఎరిగిన పెద్దలు భోజనాలయ్యాక ఒక్క అరగంట కూర్చుంటే, మా దగ్గర చదువుకుని సర్వేయరైన అబ్బాయి పటం గీస్తాడు. టేపు, కాగితాలు తెచ్చుకుని తలుపు దగ్గరే కూర్చున్నాడు.