ఎదుటివారి మాట తిరిగి చెప్పుట



డిగ్రీ చదివే మన పిల్లలు పరిశోధన ఏమి చేయగలరని మీలో కొందరు మమ్మును అడిగిరి. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో 'జిజ్ఞాస' అను విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులున్నవి. మంచివే. కాని ఏ సబ్జెక్టు వారు ఆ సబ్జెక్టులోనే ఉందురు. అందుచేత సెలవులలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి కొందరు యౌవనస్థులను ఒక్కచోట కూర్చుండబెట్టితిమి. విషయము మన పాత నల్లగొండ జిల్లా బాధయే: ఫ్లోరైడు నీళ్లు.

పెట్టిన నియమము చిన్నది. ఒకరు మూడు నిమిషములు మాట్లాడుదురు, ఎవరును అడ్డు రాకూడదు. తరువాతివారు తమ మాట ఎత్తకముందు, మొదటివారు "అవును, నేనన్నది అదే" అనువరకు వారి మాటను తిరిగి చెప్పవలెను. తెగని ప్రశ్నను ఒకరు నోటుబుక్కులో వ్రాయుదురు. (మన కమిటీ మీటింగులలోను ఈ నియమముండిన ఎంత బాగుండును!)

కెమిస్ట్రీ అబ్బాయి నల్లగొండ పద్ధతిని వివరించెను. నాగపూరులోని నీరి సంస్థ 1970ల దశకములో రూపొందించి మన జిల్లా పేరే పెట్టినది. బకెట్టు నీటిలో సున్నము, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి పది నిమిషములు కలిపి, గంటసేపు తేరనిచ్చి, పైనీరు వంచుకొనుటయే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు అట్లు తగ్గును. "ఇంత సులువైనది వాడలేదంటే అజ్ఞానమే" అని ముగించెను.

మర్రిగూడ వైపు అమ్మమ్మ ఇల్లుగల ఎకనామిక్స్ అమ్మాయి ఆ మాట తిరిగి చెప్పవలసి వచ్చెను. గొంతు వణికినది. రెండుసార్లు ఆగి, పూర్తిచేసి, అప్పుడనెను: "మా అమ్మమ్మ తెల్లారకముందే కూలికి పోయేది. పది నిమిషాలు కలిపేదెవరు? వంగని నడుముతో బకెట్టు వంచేదెవరు?"

ఇప్పుడు ఆమె మాటను తిరిగి చెప్పుట అబ్బాయి వంతు. చాలసేపు అతనికి నోరు పెగలలేదు. మేమును తొందరపెట్టలేదు.

చరిత్ర విద్యార్థి మరొకటి కలిపెను. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, కోదాడలకు కృష్ణ నీళ్లు వచ్చినవి. మర్రిగూడ వారికి బోర్లే మిగిలినవి. 2016లో మిషన్ భగీరథ మొదలగువరకు ఎన్ని ఏండ్లో మీరే లెక్కించుడి.

నోటుబుక్కులో "పటిక ఎంత వేయవలెను?" అను ప్రశ్న కొట్టివేయబడి, "ఆ ఇంటిలో ఎవరికి ఎంత తీరిక ఉండెను?" అని వచ్చినది. పాత రోజుల సంగతి అడుగుటకు వారు ఇల్లిల్లు తిరుగబోవుచున్నారు. మొదటి ఇల్లు ఆ అమ్మమ్మదే. మొదటి ప్రశ్న కెమిస్ట్రీ అబ్బాయి వ్రాసెను: "అమ్మమ్మా, అప్పట్లో మీరు ఎన్ని గంటలకు లేచేవారు?"